జనుము, గోగు కొత్త రకాలు త్వరగా రావాలి: వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అనంతపురం నుంచి బహిరంగ లేఖ

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, పరిశోధన సంచాలకుల వారికి, రాష్ట్ర వ్యవసాయ శాఖ కమిషనర్ గారికి నమస్కారాలు.

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో జనుము విత్తనం పండించే రైతులం, పంటల బ్రీడింగ్‌లో (కొత్త రకాల తయారీలో) చదువూ పనీ ఉన్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా కోరిక ఒక్కటే. జనుము, గోగు పంటల కోసం అనంతపురం దగ్గరి రేకులకుంట పరిశోధన స్థానంలో ఒక చిన్న స్పీడ్ బ్రీడింగ్ గది, అంటే వెలుగును నియంత్రించి పంట తరాలు త్వరగా తిప్పే గది కట్టించండి, దాన్ని నంద్యాల, కడప దగ్గరి ఊటుకూరు పరిశోధన స్థానాల పొలాలతో మొదటి రోజు నుంచే జతచేయండి. గది ఎట్లుండాలి, అందులో పని ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది వివరంగా చెప్పాలనే ఈ లేఖ ఇంత పొడుగైంది. పైపైన ఒప్పుకుని పని మొదలుపెడితే మూడేళ్ల తర్వాత చేతికొచ్చేది ముందే పూసి ఆగిపోయే పొట్టి జనుమే. అట్లా కాకూడదు.

జనుము ఈ సీమకు కొత్త పంట కాదు. కర్నూలు - కడప (కె.సి.) కాలువ కింద వరినాట్లకు ముందు చల్లి, పూత వచ్చే వేళకు కలియదున్నుతారు. అనంతపురం ఎర్రనేలల్లో సాలుకు సగటున 550 మిల్లీమీటర్లే వాన. వేరుశనగ మీద వేరుశనగ వేసి నేలలో సేంద్రియ కర్బనం అడుగంటింది. ముంగారి తొలి వానకు చల్లితే 45 - 50 రోజుల్లో పచ్చిరొట్టగా నేలలో కలిసే పంట, వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టే పంట ఇది. జీలుగ, పిల్లిపెసరతో పాటు జనుము విత్తనాన్ని ప్రభుత్వమే సబ్సిడీ మీద ఇస్తోంది. ఇస్తున్న ఆ విత్తనం ఏ రకం, ఎక్కడి వాతావరణానికి తయారైంది అన్నదే అసలు ప్రశ్న.

కె-12, శైలేష్, స్వస్తిక్, అంకుర్, ప్రాంకుర్ వంటి మేలైన రకాలు ప్రధానంగా ఉత్తరాదిలో, నార పంటను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. జనుము పొట్టి పగలు పంట: పగటి వేళ తగ్గి రాత్రి పెరిగితేనే త్వరగా పూస్తుంది. జనుము పరిశోధన జరిగే ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌లో జూన్ నెలాఖరున పగలు సుమారు 13 గంటల 45 నిమిషాలు. అదే రోజు అనంతపురంలో సుమారు 13 గంటలే. ఆ ముప్పావు గంట తేడా మొక్కకు చాలు. అక్కడ ఆకు మీద ఆకు వేసుకుంటూ పెరిగే రకం ఇక్కడికి వస్తే ముందుగానే పూతకు తిరుగుతుంది. పూత వచ్చాక కాండం గట్టిపడుతుంది, ఆకు పెరగదు, నేలలో కలిపినా త్వరగా కుళ్లదు. పచ్చిరొట్ట కోసం మనకు కావలసింది 13 గంటల పగలులో కూడా 50 రోజుల దాకా పూతకు రాని రకం. అది మన అక్షాంశంలో, మన నేలలో ఎంపిక చేస్తేనే వస్తుంది.

మామూలు పద్ధతిలో అది ఎన్నాళ్లకు వస్తుంది? ఏడాదికి ఒక తరం, మహా అయితే రెండు. సంకరం, అయిదారు తరాల ఎంపిక, ఆ పైన సమన్వయ పరీక్షలు (పలు చోట్ల ఒకేసారి రకాలను పోల్చి చూసేవి), విడుదల, బ్రీడర్ విత్తనం (మిగతా విత్తనమంతటికీ మూలమైనది). పదేళ్లు దాటిపోతాయి. పరీక్షల గడువును ఎవరూ కుదించలేరు, కుదించకూడదు కూడా. తగ్గించగలిగింది ముందున్న తరాల కాలాన్నే.

వెలుగును నియంత్రించి తరాలు త్వరగా తిప్పే పద్ధతి ఇప్పుడు రుజువైనది. గోధుమ, బార్లీలకు రోజుకు 22 గంటల వెలుతురు ఇచ్చి ఏడాదికి ఆరు తరాల దాకా తీయవచ్చని 2018లో ఆస్ట్రేలియా, బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ వార్త చదివి 22 గంటల లైట్లతో జనుము గది కట్టించే ప్రమాదం ఉంది గనుక గట్టిగా చెబుతున్నాం: పొట్టి పగలు పంటకు అది పూర్తిగా తలకిందుల పద్ధతి. జనుముకు 22 గంటల వెలుతురు ఇస్తే పెరుగుతూనే ఉంటుంది, పూతకు రాదు. మనకు దారి చూపేది 2020లో జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన పని. సోయాచిక్కుడుకు రోజుకు 10 గంటలే వెలుతురు ఇచ్చి, ఆ వెలుతురులో నీలం పాలు పెంచి, దూరపు ఎరుపు (కంటికి దాదాపు కనబడని ఎరుపు కిరణాలు) తగ్గించి, 77 రోజుల్లో విత్తనం నుంచి విత్తనం దాకా వచ్చారు. ఏడాదికి అయిదు తరాల దాకా వీలవుతుందని తేల్చారు. జనుముకు దగ్గరి పోలిక అదే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో స్పీడ్ బ్రీడింగ్ సదుపాయం నడుస్తోంది. కంది కూడా పొట్టి పగలు పప్పుజాతి పంటే, అక్కడి అనుభవం మనకు అందుబాటులో ఉంది.

ఇక గది సంగతి. పెద్ద భవనం అక్కర్లేదు. లోపల సుమారు 14 చదరపు మీటర్లుండే 20 అడుగుల పాత కంటైనర్‌కు నాలుగు వైపులా, పైకప్పుకూ ఇన్సులేషన్ ప్యానెళ్లు వేస్తే సరిపోతుంది. మధ్యలో వెలుతురు దూరని అడ్డుగోడ కట్టి రెండు భాగాలు చేయాలి. ఒకటి పెంపకం గది, రోజుకు 14 గంటల వెలుతురు. రెండోది పూత గది, 10 గంటల వెలుతురు, 14 గంటల కటిక చీకటి. విత్తిన రోజు నుంచే పొట్టి పగలు ఇస్తే నాలుగైదు ఆకులకే మొగ్గ తొడిగి, రెండు మూడు పూలతో మొక్క ముగిసిపోతుంది. అందుకే మొదటి 18 - 20 రోజులు పెంపకం గదిలో ఉంచి, తర్వాత పూత గదిలోకి మార్చాలి.

వెలుతురు ఆకుల ఎత్తున చదరపు మీటరుకు సెకనుకు 400 మైక్రోమోళ్లు (మొక్క వాడుకునే వెలుతురుకు కొలత) ఉండాలి. మంచి ఎల్ఈడీ అయితే చదరపు మీటరుకు 200 వాట్లు లెక్క వేసుకోండి. పది చదరపు మీటర్ల అరలకు 2 కిలోవాట్లు, పది గంటలకు 20 యూనిట్లు. పెంపకం గదిలో మిగతా నాలుగు గంటలు పూర్తి వెలుతురు అవసరం లేదు. పగలు పొడుగ్గా ఉందని మొక్కకు తెలియడానికి మసక వెలుతురు చాలు, కరెంటు మిగులుతుంది. పగలు 28 డిగ్రీలు, రాత్రి 22, గాలిలో తేమ 60 - 70 శాతం. ఒకటిన్నర టన్ను ఏసీ సరిపోతుంది, కానీ రెండోది సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 42 డిగ్రీలుంటుంది. మధ్యాహ్నం ఏసీ ఆగి లైట్లు వెలుగుతూ ఉంటే ఆ మూసిన పెట్టెలో కొద్దిసేపట్లోనే పుప్పొడి చచ్చిపోయేంత వేడి పుడుతుంది, ఆ వారం పూత అంతా రాలుతుంది. కాబట్టి లోపల 34 డిగ్రీలు దాటగానే లైట్లు వాటంతట అవే ఆరిపోయేలా థర్మోస్టాట్ రిలే పెట్టాలి. ఒక పూట వెలుతురు తగ్గితే మొక్క తట్టుకుంటుంది, వేడిని తట్టుకోదు.

చీకటి విషయంలో రాజీ వద్దు. తలుపు సందు నుంచి వచ్చే వీధి దీపం, స్టెబిలైజర్ మీద వెలిగే చిన్న సూచిక లైటు, రాత్రి కాపలా మనిషి కొట్టే టార్చి: వీటిలో ఏదైనా 14 గంటల చీకటిని రెండు ముక్కలు చేస్తుంది. అప్పుడు మొక్క దాన్ని పొడుగు పగలుగానే లెక్కిస్తుంది. పూత ఒక అరలో వచ్చి పక్క అరలో రాకపోతే ఎరువును అనుమానించే ముందు రాత్రిపూట గదిలో నిలబడి పది నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి చూడాలి. చెయ్యి కనబడితే ఎక్కడో వెలుతురు కారుతోందని అర్థం. తప్పనిసరై లోపలికి వెళ్లాల్సి వస్తే మసక ఆకుపచ్చ లైటు వాడాలి.

కుండీ అర లీటరుది చాలు. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు, కడిగిన ఇసుక 2:1:1 పాళ్లలో కలపాలి. కొబ్బరి పొట్టును కడగకుండా వాడొద్దు. అందులోని సోడియం, పొటాషియం కాల్షియంను అందనీయవు, లేత ఆకు అంచులు మాడతాయి. కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పిండేస్తే ఆ బాధ తప్పుతుంది. మన దగ్గర అంతకంటే పెద్ద చిక్కు బోరు నీళ్లు. అనంతపురం బోర్లలో బైకార్బొనేట్ ఎక్కువ. రెండు వారాలు పోస్తే కుండీలో ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటి, ఇనుము అందక కొత్త ఆకులు పాలిపోతాయి. దాన్ని తెగులని పొరబడి మందు కొడతారు. వాన నీళ్లు పట్టుకుని గానీ, ఆర్‌ఓ నీళ్లు గానీ వాడి సూచికను 6 - 6.5 మధ్య ఉంచాలి. విత్తనానికి అలసంద వర్గం రైజోబియం పట్టించి, నత్రజని చాలా పలుచగా ఇవ్వాలి. నత్రజని ఎక్కువైతే బుడిపెలు కట్టవు, పూత ఆలస్యమవుతుంది.

లోపల తేనెటీగలుండవు, పరాగ సంపర్కం చేత్తోనే జరగాలి. ఇక్కడే జనుము, గోగు దారులు వేరవుతాయి. పని పద్ధతి మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది కనుక కాస్త ఓపికతో చదవమని కోరుతున్నాం.

గోగు, అంటే మన పుంటికూర, చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. కాబట్టి సంకరం చేశాక రెండో తరం నుంచి ఒక్కో మొక్క నుంచి ఒక్కో గింజ తీసుకుని తరాలు తిప్పే పద్ధతి దీనికి నేరుగా సరిపోతుంది. రెండో తరంలో 300 మొక్కలు పెట్టుకుంటే, ఆరో తరంలో దాదాపు స్థిరపడిన 300 వరుసలు పొలానికి సిద్ధం. గోగు పొట్టి పగలుకు ఎంత లొంగుతుందంటే, ఆరుబయట ముంగారిలో ముందు విత్తినా వెనక విత్తినా పగలు తగ్గే కాలానికే పూస్తుంది. అందుకే పొలంలో ఏడాదికి ఒక్క తరమే. గదిలో సుమారు 90 రోజులకు ఒక తరం. మొక్కకు ఒక్క కాయ కడితే చాలు కనుక కుండీలు దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చు. ఆమదాలవలస పరిశోధన స్థానంలో ఈ పంట మీద ఏళ్లుగా పని జరుగుతోంది. తల్లి రకాలు అక్కడి నుంచి తెచ్చుకుంటే సున్నా నుంచి మొదలుపెట్టే పని లేదు.

జనుము అట్లా కాదు. ఇది పరపరాగ సంపర్కం పంట, సొంత పుప్పొడిని సాధారణంగా ఒప్పుకోదు. పొలంలో ఈ పని చేసేది తుమ్మెద, ఆకులు కోసే తేనెటీగ జాతి. వాటి బరువుకు పడవ ఆకారపు రేకులు కిందికి వంగి, కీలాగ్రం బయటికొచ్చి ఒంటికి రాసుకుంటుంది. ఆ రాపిడితో కీలాగ్రం పైపొర చిట్లితే సొంత పుప్పొడి కూడా మొలకెత్తుతుంది. చేత్తో చేసేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. బ్రష్షు గట్టిగా రుద్దితే సంకరం అనుకున్నది స్వపరాగం అయి కూర్చుంటుంది. కాబట్టి మొగ్గ విచ్చడానికి ముందురోజు సాయంత్రమే కేసరాలు తీసేసి, తర్వాత వేరే మొక్క పుప్పొడి అద్దాలి. జనుములో ఒక్క మొక్క ఒక్క గింజ పద్ధతి పట్టుకుంటే రెండు మూడు తరాలకే మొక్కలు బక్కచిక్కిపోతాయి. దీనికి సరిపడేది చక్రాల పద్ధతి: మంచి మొక్కల్ని ఎంచడం, వాటిని ఒకదానితో ఒకటి కలపడం, వచ్చిన సంతానంలో మళ్లీ ఎంచడం.

ఒక చక్రానికి లెక్క చెబుతాం. 200 మొలకలు పెంచి, పదో రోజున ఆకు ముక్క తీసి జన్యు గుర్తుల పరీక్షకు (మంచి గుణాల ఆనవాళ్లను డీఎన్ఏలో చూసే పరీక్షకు) పంపాలి. ఫలితం మొగ్గ రాకముందే చేతికి రావాలి, అంటే మూడు వారాల్లో. ల్యాబుతో ఒప్పందం ఆ గడువు మీదే రాసుకోవాలి. ఆలస్యమైతే ఎంపిక లేకుండానే చక్రం దొర్లిపోతుంది. ఫలితాన్ని బట్టి 20 మొక్కలు ఉంచుకుని, ఒక్కోదాని మీద 10 పూలకు పుప్పొడి అద్దాలి. చేతి పనిలో మూడో వంతు కాయ కట్టినా, కాయకు ఆరు గింజల చొప్పున 400 గింజలు వస్తాయి, తర్వాతి చక్రానికి చాలు. 20 కంటే తగ్గించొద్దు. 20 మొక్కలతో చక్రానికి రెండున్నర శాతం చొప్పున రక్తసంబంధం పెరుగుతుంది, 10 మొక్కలతో అయిదు శాతం. తొందరలో అయిదారు మొక్కల మీద నడిపితే ఏడాది తిరక్కుండానే దిగుబడి పడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. గదిలో ముందు పూసిన మొక్కకే ముందు పుప్పొడి అందుతుంది, ముందు కాయ కోస్తారు, దాని గింజలే ఎక్కువగా తర్వాతి తరానికి వెళ్తాయి. ఎవరూ అనుకోకుండానే ప్రతి చక్రంలో త్వరగా పూసే మొక్కల ఎంపిక జరిగిపోతుంది. నాలుగు చక్రాలు తిరిగేసరికి ముందే పూసి, పొట్టిగా ఆగిపోయే జనుము తయారవుతుంది. మనకు కావలసిందానికి అది సరిగ్గా వ్యతిరేకం. దీన్ని ఆపాలంటే ఎంచిన మొక్కల్లో నూటికి తొంభై పూసేదాకా కలపడం మొదలుపెట్టకూడదు. ముందు పూసిన వాటి తొలి గెలలు తుంచేయాలి. ఎంత కాసినా ప్రతి తల్లి నుంచి సమానంగా గింజలు తీయాలి. ఆలస్యంగా పూసేవాటిని బయట పారేయడం కాదు, వాటినే కాపాడాలి. ఈ నియమాన్ని గది తలుపు మీద రాసి పెట్టమని మా మనవి. దీనివల్ల చక్రానికి వారం పది రోజులు ఎక్కువ పడుతుంది. పడనివ్వండి.

కాయ పూర్తిగా ఎండి గలగలలాడేదాకా ఆగనక్కర్లేదు. గింజ నిండి, కాయ ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగినప్పుడే కోసి, 35 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఆరబెడితే రెండు వారాలు కలిసొస్తాయి. ఏ వయసు కాయ ఎంత మొలుస్తుందన్నది తల్లి రకాన్ని బట్టి మారుతుంది. అందుకే గది తెరిచిన మొదటి తరంలోనే పరీక్ష పెట్టాలి: పువ్వు కట్టిన 20, 25, 30, 35 రోజులకు కోసిన కాయల నుంచి 50 గింజల చొప్పున. 80 శాతం మొలిచిన వయసును ఆ రకానికి ఖాయం చేసుకోవాలి. పచ్చి గింజను తేమతో సంచిలో కట్టేస్తే బూజు పడుతుంది. మరీ వేడిలో ఎండబెడితే పిండం చస్తుంది. ఈ రెండూ మామూలుగా జరిగే పొరపాట్లే.

గదిలో ఎండు తెగులు పరీక్ష చేయొద్దు. ఫ్యుజేరియం శిలీంధ్రం ఒకసారి కుండీల అరల్లోకి చేరితే వదిలించడం కష్టం. దానికి వేరే షెడ్డు, వేరే నీళ్ల గొట్టం, వేరే చెప్పులు ఉండాలి. రెండు తలుపుల వాకిలి, సన్నని వల, పసుపు జిగురు అట్టలు మొదటి రోజు నుంచే పెట్టాలి. మూసిన వెచ్చని గదిలో తెల్లదోమ, ఎర్రనల్లి దిగితే వారంలో అరలన్నీ పట్టేస్తాయి.

గదిలో పెరిగిన మొక్కను చూసి దాని పచ్చిరొట్ట బరువు, నార పొడుగు, బెట్ట తట్టుకునే గుణం చెప్పలేం. అవి పొలంలోనే తేలాలి. అందుకే రేకులకుంట ఎర్రనేల, నంద్యాల నల్లరేగడి, ఊటుకూరు నేలల్లో ప్రతి ముంగారికి 300 కుటుంబాలు వేసి 45 రోజులకు పచ్చి బరువు, పూత రోజు, ఎండు తెగులు శాతం నమోదు చేయాలి. జన్యు గుర్తులను బట్టి మొక్క గుణాల మీద వేసే అంచనాను ఆ లెక్కలతోనే ఏటా సరిదిద్దాలి. పొలం లెక్క కలపకుండా మూడు చక్రాలు దాటిస్తే అంచనాకూ వాస్తవానికీ పొంతన ఉండదు. నిధులు తగ్గితే గదిలో ఒక చక్రం మానుకోండి గానీ పొలం పరీక్షను మాత్రం మానుకోవద్దు.

పారిశ్రామిక గంజాయి పంట గురించి కూడా ఈ మధ్య అడిగేవాళ్లున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో, ప్రభుత్వ అనుమతితోనే అది సాగవ్వాలి. ఉత్తరాఖండ్ వంటి చోట్ల నార కోసం, గింజ కోసం అట్లాంటి ఏర్పాటు ఉంది. ఆ పంటకూ పొట్టి పగలు గదే కావాలి, కానీ దాని పుప్పొడి గాలిలో దూరం పోతుంది, మత్తు పదార్థం శాతం ప్రతి తరంలో పరీక్షించాలి, కాపలా, రికార్డులు వేరు. మేము అడుగుతున్న జనుము, గోగు పనికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. దయచేసి ఈ రెండు ఫైళ్లను కలపవద్దు. కలిపితే అనుమతుల కోసం మన పంటలు కూడా ఆగిపోతాయి.

మనుషుల విషయానికొస్తే ఒక బ్రీడర్, ఇద్దరు టెక్నీషియన్లు, సంకరాల కాలంలో చేతిపని తెలిసిన నలుగురు కూలీలు ఉండాలి. గదిని నడిపే బ్రీడర్‌ను కనీసం అయిదేళ్లు బదిలీ చేయకూడదు. తరాల వంశవృక్షం రిజిస్టర్‌లో ఉన్నా, ఏ అరలో ఏ మొక్క ఎందుకు ఉంచారన్నది తెలిసిన మనిషి పోతే సగం పని పోయినట్టే. ప్రతి కుండీకి బార్‌కోడ్ లేబుల్, అది చెరిగిపోయినా తెలిసేలా పెన్సిల్‌తో రాసిన ప్లాస్టిక్ పలక, రెండూ ఉండాలి.

ఈ పద్ధతిన గోగులో రెండేళ్లలోపే స్థిరమైన వరుసలు, జనుములో మూడేళ్లలో ఏడెనిమిది చక్రాలు దాటిన మెరుగైన జనాభా సమన్వయ పరీక్షలకు వెళ్లగలవు. జనుము బ్రీడర్ విత్తనం పండించే చోట్ల గట్ల మీద ఎండు దుంగలు, వెదురు బొంగులు వదిలేసేలా రైతులకు చెప్పే బాధ్యత మేము తీసుకుంటాం, తుమ్మెద గూడు పెట్టేది వాటిలోనే. విత్తనోత్పత్తికి పొలాలు, పొలం పరీక్షలకు మనుషుల సాయం మా వైపు నుంచి సిద్ధం.

వచ్చే బడ్జెట్ ప్రతిపాదనల్లో ఈ గదిని చేర్చి, ముంగారి విత్తనానికి ముందే మూడు స్థానాల శాస్త్రవేత్తలతో రేకులకుంటలో ఒక సమావేశం ఏర్పాటు చేయమని కోరుతున్నాం. పిలిస్తే పైన చెప్పిన లెక్కలన్నీ, గది కొలతలతో సహా పట్టుకుని వస్తాం.

ఇట్లు,
అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల జనుము విత్తన రైతులు, పంటల బ్రీడింగ్ పట్టభద్రులు